పాదరసం సినిమాకు అర్థం చెప్పినవాడు

తిరుపాలు లెక్కలో సూపర్‌హీరో సినిమాలన్నిటిలోకీ చెత్తది 'పాదరసం'. హూడి షెడ్డుల్లో జనం నెత్తిన పెట్టుకున్న సినిమా కూడా అదే. దాన్ని వాళ్ల నెత్తికి ఎక్కించింది తానే కావడం తిరుపాలు ఖర్మ.

ఆ సినిమా అసలు పేరు ఎవరికీ నోరు తిరగలేదు. సీడీ అట్ట మీద ఇంగ్లీషులో ఏదో ఉండేది. హీరో ఒళ్లు కరిగి, వెండి బొట్లయి, తలుపు సందులోంచి జారి, అవతల మళ్లీ మనిషై నిలబడతాడు. అది చూసి షెడ్డులవాళ్లు పెట్టుకున్న పేరు పాదరసం. అన్ని సినిమాలకూ వాళ్లే పేర్లు పెట్టుకునేవాళ్లు. గని మంటల్లో కాలి, చావకుండా, ఒళ్లంతా నిప్పుకణిక అయినవాడు బొగ్గుమనిషి. ఊరందరి ఏడుపులూ చెవిలో పడే ఆడమనిషి చెవులమ్మ.

2004 నాటి సంగతి. బెంగళూరు శివార్లలో, హూడి రైల్వే గేటు అవతల అద్దాల ఆఫీసొకటి లేస్తూ ఉండేది. దాన్ని లేపేవాళ్లు దాని వెనకే రేకుల షెడ్డుల్లో ఉండేవాళ్లు. కదిరి, మడకశిర వైపు నుంచి కొందరు, పాలమూరు నుంచి కొందరు. షెడ్డుల మొదట్లో వెంకటరాయప్ప అంగడి. ఆయనది ముళబాగిలు దగ్గర ఊరు. ఇంట్లో తెలుగు, బయట కన్నడం, బాకీ అడిగేటప్పుడు రెండూ. అంగడి వెనక టార్పాలిన్ కట్టి ఒక టీవీ, ఒక సీడీ ప్లేయరు పెట్టాడు. ఆదివారం మధ్యాహ్నం సినిమా. టికెట్టు లేదు. కానీ బోండా కొనకుండా కూర్చున్నవాణ్ణి వెంకటరాయప్ప చూసే చూపు కంటే టికెట్టే నయం.

మొదట్లో తెలుగు సినిమాలే వేశాడు. హీరోల దగ్గర పాలమూరువాళ్లకూ కదిరివాళ్లకూ తగువులొచ్చాయి. ఒక ఆదివారం బోండాల పళ్లెం గాల్లోకి లేచింది. ఆ వారం నుంచే వెంకటరాయప్ప ఇంగ్లీషు సూపర్‌హీరోలకు మారాడు. ముసుగు వేసుకున్నవాడికి కులమూ లేదు, అభిమాన సంఘమూ లేదు. షెడ్డుల్లో శాంతి నెలకొన్నది. కానీ మాట అర్థంకాని కొట్లాట ఎంతసేపని చూస్తారు? ఎవరో వెనకనుంచి, అర్థం చెప్పేవాడు ఒకడుంటే బాగుండునని గొణిగారు.

అర్థం చెప్పడమంటే ఏమిటో ఆ సీమవాళ్లకు కొత్తగా చెప్పనక్కరలేదు. ఊళ్లో పురాణకాలక్షేపానికి ఇద్దరు కూర్చుంటారు. ఒకరు పద్యం పాడితే, రెండోవాడు అందరికీ తెలిసే మాటల్లో దాని అర్థం చెబుతాడు. తిరుపాలు మేనమామ అట్లా అర్థం చెప్పేవాడు. పద్యంలో రాజు అడవికి పోయాడని మాత్రమే ఉంటే, ఆ పూట రాజు ఏం తిన్నాడో, చెప్పు ఎక్కడ తెగిందో కూడా మేనమామ చెప్పేవాడు. జనం పద్యం కోసం కాదు, ఆ తెగిన చెప్పు కోసం కూర్చునేవాళ్లు. ఆ విద్య చూస్తూ పెరిగిన తిరుపాలు, ఆ ఆదివారం లేచి వెళ్లి టీవీ పక్కన నిలబడ్డాడు. అప్పటికి అతనికి ఇరవై మూడేళ్లు.

తొమ్మిదో తరగతిలో వానలు ఎగ్గొట్టాయి, బడి ఆగిపోయింది, బెంగళూరు బస్సెక్కాడు. కంబి కట్టే పని. స్లాబు వేసేముందు ఇనుప కంబీలను అడ్డంగా నిలువుగా పరిచి, కూడలి కూడలికీ సన్న తీగ చుట్టి కొక్కితో మెలిపెట్టాలి. పొద్దంతా వంగే ఉండాలి. పని దిగాక కృష్ణరాజపురంలో పాతపేపర్ల అంగడికి పోయేవాడు. వారపత్రికలు, ఎవరో పిల్లలు పారేసిన ఇంగ్లీషు వాచకాలు, ఏది దొరికితే అది తూకానికి కొనుక్కునేవాడు. ఒకసారి డిక్షనరీ కూడా దొరికింది, ముందు పుటలు లేకుండా. అందువల్ల 'ఏ'తో మొదలయ్యే ఇంగ్లీషు మాటలన్నీ అతనికి ఊహే. మిగతావాటిలోనూ ఊహ పాలు తక్కువేం కాదు. సినిమాలో అర్థమైంది పావువంతయితే, ముప్పావు మేనమామ దారిలో పూడ్చేవాడు.

సినిమా అయ్యాక తీర్పు చెప్పడం కూడా అతనే మొదలుపెట్టాడు. దానికే ఇంకో వాయి బోండాలు అమ్ముడుపోయేవి కాబట్టి వెంకటరాయప్ప అడ్డు చెప్పలేదు.

తిరుపాలుకు బొగ్గుమనిషి అన్నిటికన్నా గొప్ప సినిమా. నిప్పు రాజేసుకున్న ప్రతిసారీ వాడి వేలొకటి బూడిదవుతుంది. వాడికి అది తెలుసు. తెలిసే రాజేసుకుంటాడు. చివరికి నిప్పు మొత్తంగా ఆరిపోతుంది. ఆరిపోయినవాడు, వేళ్లు లేని చేతులకు తాడు చుట్టుకుని, మామూలు మనిషిలా గనిలోకి దిగి ఇద్దరిని మోసుకొస్తాడు. "నిప్పు పోయినాక గదప్పా వాడు హీరో అయింది," అనేవాడు తిరుపాలు. షెడ్డులో ఈ తీర్పు నిలబడలేదు. ఆఖర్న కొట్లాట లేదు, వాడు ఇంటికి పోతే పెళ్లాం చేతులు కడుగుతుంది, అయిపోయె. ఈ మాత్రానికి సినిమా ఎందుకు, మా ఇంట్లోనూ కడుగుతారని ఒకడన్నాడు. నీ పెళ్లామా, కడిగేది నిన్నే గాని చేతులు కాదని ఇంకొకడన్నాడు.

చెవులమ్మ మీద అతనికి సగం గౌరవం. ఎవరు ఏడ్చినా వినబడి నిద్రపట్టక తిరిగే మొదటి సగం బంగారం. తర్వాత ఆమెను ఒక అందగాడు ప్రేమించగానే చెవులు మూసుకుపోతాయి. అక్కడినుంచి అది సబ్బు ప్రకటన అనేవాడు. డబ్బుతో బలం కొనుక్కునే హీరోలను మనుషుల్లోనే లెక్కపెట్టడు. డ్రాయరు ప్యాంటు మీద వేసుకుంటే వేసుకున్నాడు, దానికేం నామోషీ లేదు. కానీ బలం ఊరికే రాకూడదు. మన పాత జానపద సినిమాల్లో మంత్రపు కత్తి కావాలంటే కొండలెక్కాలి, ముసలమ్మ పెట్టిన పరీక్ష గెలవాలి, వరం వెనకే శాపం ఉంటుంది. ఈ పాదరసం ఏం చేశాడు? కోటీశ్వరుడి కొడుకు తాగి, నాన్న ఫ్యాక్టరీలో తొట్టిలో పడ్డాడు. లేచాడు, బలం వచ్చేసింది. ఇంతే.

కానీ ఆ సినిమా అతనికి గిట్టకపోవడానికి అసలు కారణం ఇది కాదు. అసలు కారణం అతను చాన్నాళ్లు ఎవరికీ చెప్పలేదు.

షెడ్డుల్లో పెద్దక్క అని ఒక ఆమె ఉండేది. ఇసుక జల్లించే పని. ముందు వరసలో కాళ్లు చాపుకుని కూర్చునేది. కొడుకు ఎల్లయ్యతో కలిసి బెంగళూరు వచ్చింది. పాదరసం సీడీ రావడానికి రెండేళ్ల ముందు, వర్తూరు వైపు ఒక పనిలో, పచ్చి స్లాబును మోసే కర్ర పోట్లు జారిపోయి ఎల్లయ్య దాని కింద నలిగి చనిపోయాడు. ఆమె ఊరికి తిరిగిపోలేదు. పోయి ఏం చేయాలప్పా అనేది, అంతే.

పాదరసం మొదటిసారి వేసిన రోజు తిరుపాలు దాన్ని ముందుగా చూడలేదు. బొమ్మ నడుస్తుంటే అప్పటికప్పుడు అర్థం చెబుతున్నాడు. సగంలో, కడుతున్న పెద్ద బిల్డింగు ఒకటి వచ్చింది. క్రేను, పోట్లు, గోడలు పడని అంతస్తులు, అక్కడక్కడ పసుపుపచ్చ టోపీలు. పాదరసం తన శత్రువును ఎత్తి ఆ బిల్డింగులోకి విసరబోయాడు. పక్కనున్న స్నేహితుడు, లోపల మనుషులున్నారని అరిచాడు. పాదరసం నవ్వి, ఇన్సూరెన్సు వస్తుందిలే అన్నాడు. ఆ మాటలకు తిరుపాలుకు డిక్షనరీ అక్కరలేకపోయింది. బిల్డింగు పేక ముక్కల్లా కూలింది. పెద్దక్క మోకాళ్లు దగ్గరికి ముడుచుకుంది.

తిరుపాలు నోరు తనంతట తానే కదిలింది. అది అన్నం టైమని, గంట కొట్టగానే అందరూ కిందికి దిగేసినారని, ఆ టోపీలు ఊరికే మేకులకు తగిలించి పోయినవని చెప్పాడు. "ఖాళీ బిల్డింగప్పా. సుమ్నే, ఊరికే పడింది," అన్నాడు. పెద్దక్క ఊపిరి వదిలి, మళ్లీ కాళ్లు చాపింది.

ఆ మాట అక్కడితో ఆగలేదు. కూలీలు దిగిందాకా ఆగి కొట్లాడే హీరో షెడ్డుకు తెగ నచ్చేశాడు. మళ్లీ వేయమన్నారు, మళ్లీ మళ్లీ వేయమన్నారు. తిరుపాలు అబద్ధం వారం వారం బలిసింది. పాదరసం కోటీశ్వరుడి కొడుకు పోయి వాచ్‌మన్ కొడుకయ్యాడు. విసిరేముందు అన్నం గంట కొట్టినారా అని అడిగేవాడయ్యాడు. పనిలో మధ్యాహ్నం గంట కొడితే, పాదరసం వస్తాండాడు దిగండప్పో అని అరిచి నవ్వుకునేవాళ్లు. పెద్దక్క కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేది. తిరుపాలు మాత్రం సినిమా అయిన ప్రతిసారీ ఇది చెత్త అనేవాడు. ఎందుకంటే చెప్పలేడు. నీకు ఎవడో ఒకడు ఏడిస్తే గాని మంచి సినిమా కాదని ఎగతాళి చేసేవాళ్లు. పడేవాడు.

అట్లా ఏడాది పైన గడిచింది. ఒక శుక్రవారం సాయంత్రం గారపని మేస్త్రీ రమేశ్, మడకశిరవాడు, తిరుపాలు ఈడువాడే, మెజెస్టిక్ బస్టాండు దగ్గర కొన్న సీడీ ఒకటి తెచ్చి వెంకటరాయప్ప చేతిలో పెట్టాడు. అదే పాదరసం. తెలుగులో. అక్కడే ఉన్న తిరుపాలుతో కలిపి ముగ్గురూ అంగడిలో టీ తాగుతూ కొంచెం వేసి చూశారు. వెండి ముద్దలోంచి, ధూళి తగలని గదిలో కూర్చుని మాట్లాడే మనిషి గొంతు మెత్తగా వస్తున్నది. రమేశ్ బిల్డింగు సీనుకు పోనిచ్చాడు. లోపల కూలీలున్నారు. ఉండనీ, ఇన్సూరెన్స్ వస్తుందిలే.

రమేశ్ టీ గ్లాసు పక్కన పెట్టి పడీపడీ నవ్వాడు. టోపీలు మేకులకు తగిలించినారా తిరుపాలన్నా, వాచ్‌మన్ కొడుకా తిరుపాలన్నా, ఏడాది పాటు మాకు భలే పెట్టినావు టోపీ అన్నాడు. ఆదివారం అందరూ వింటారు, నీ ముఖం చూడాల అన్నాడు. వెంకటరాయప్పకు టోపీల సంగతి పట్టలేదు. అర్థం చెప్పేవాడికి ఇచ్చే టీ, బోండా మిగులుతాయన్న సంగతి పట్టింది. అప్పుడే అట్టముక్క మీద 'అచ్చ తెలుగులో పాదరసం' అని రాసి అంగడికి కట్టాడు.

తిరుపాలు ఆయన వెంట పడ్డాడు. ఆదివారం బొగ్గుమనిషి వేయమన్నాడు. బొగ్గోడికి బోండాలు పోవప్పా అన్నాడాయన. తిరుపాలు రమేశ్‌ను పక్కకు పిలిచి పెద్దక్క సంగతి చెప్పాడు.

రమేశ్ నవ్వు ఆపాడు, కానీ వెనక్కి తగ్గలేదు. "సినిమా కదప్పా. ఏది సినిమానో ఏది నిజమో పెద్దక్కకు తెలీదా? నీ నోటికి పని పోతాదని నీ బాధ. దానికి ఆమెను అడ్డం పెట్టుకోవద్దు."

ఆ మాట తిరుపాలుకు ముల్లులా దిగింది. అందులో కొంత నిజముంది మరి. టీవీ పక్క ఆ రెండడుగుల చోటు తప్ప, ఆ ఊళ్లో అతని మాట వినే చోటు ఇంకొకటి లేదు. శనివారం పొద్దంతా కంబీల మీద వంగి తీగ మెలిపెడుతూ అదే తిప్పుకున్నాడు. సీడీ దాచేస్తే ఇంకొకటి వస్తుంది. పెద్దక్కను రావద్దనడానికి తనెవరు? ఆ రెండడుగుల చోటు పోతే పోయె. కానీ ఎల్లయ్య తల్లి ఆ మాటను మొట్టమొదట వినేది ఆ వెండి ముఖంవాడి నోట కాకూడదు. తానే చెప్పాలి, అందరి ముందరే చెప్పాలి, ఏ చోట నిలబడి అబద్ధం చెప్పాడో ఆ చోటే నిలబడి. సాయంత్రానికి అతనిలో ఊగులాట పోయింది. కొక్కి నడుముకు దోపుకుని దిగి వచ్చాడు.

ఆదివారం టార్పాలిన్ కింద కాలు పెట్టే సందు లేదు. తిరుపాలు ఎప్పటిలాగే పోయి టీవీ పక్కన నిలబడ్డాడు. ఈ పొద్దు నీకు రజా, పని లేదు, నలుగురితో పాటు కూచోమన్నాడు వెంకటరాయప్ప. నిలబడే చూస్తానన్నాడు. వాచ్‌మన్ డ్యూటీనా అని రమేశ్ వెనకనుంచి అంటే అందరూ నవ్వారు. సినిమా మొదలైంది. వెండివాడు తెలుగులో మాట్లాడేసరికి జనానికి పండగయింది. వాడు కోటీశ్వరుడి కొడుకని తెలిసి కొంచెం గుసగుస లేచింది. మన తిరుపాలు చెప్పింది వేరే కదా అని ఒకరిద్దరు తిరిగి చూశారు. పెద్దక్క కూడా చూసింది. అతను తల తిప్పుకోలేదు.

క్రేను కనిపించింది. పోట్లు కనిపించాయి. తిరుపాలు వంగి టీవీ గొంతు పూర్తిగా తగ్గించేశాడు.

గోల లేచింది. పెట్టు పెట్టు అని వెనకనుంచి కేకలు. రమేశ్ లేచి ముందుకు రాబోయాడు. వెంకటరాయప్ప బోండా గరిటె పట్టుకునే లోపలికి వచ్చాడు. తిరుపాలు సీడీ ప్లేయరు మీట కూడా నొక్కి బొమ్మను ఆపేశాడు. తెర మీద పసుపుపచ్చ టోపీలు అట్లాగే నిలిచిపోయాయి.

"లోపల మనుషులుండారు," అన్నాడు.

గోల సన్నగిల్లింది. పెద్దక్క అతని ముఖంలోకి చూసింది. "టోపీలన్నావు కదప్పా."

"టోపీల కింద తలలుండాయి పెద్దక్కా."

బయట రైలు పోతున్న చప్పుడు వచ్చి, పోయింది. పెద్దక్క తెర వైపు చూసింది, మళ్లీ అతన్ని చూసింది. అన్నం టైము కాదా అని అడిగింది. కాదన్నాడు. వాడికి తెలుసా అని అడిగింది, వేలు వెండివాడి వైపు చూపించి. స్నేహితుడు చెప్పినాడు, తెలుసన్నాడు.

"తెలిసి ఏమన్నాడు?"

తిరుపాలు మాట మింగలేదు. "ఉండనీ, ఇన్సూరెన్సు వస్తాదిలే అన్నాడు."

"నవ్వుతూనా?"

"నవ్వుతూనే."

పెద్దక్క చాపిన కాళ్లు మెల్లగా దగ్గరికి తీసుకుంది. "ఇదేనా నేను ఇన్ని వారాలు నవ్విన సినిమా," అంది. తిరుపాలు అవునన్నాడు. తర్వాత జనం వైపు తిరిగి, ఇన్నాళ్లూ చెప్పలేని తీర్పు చెప్పాడు. ఎక్కువేం చెప్పలేదు. హీరో తప్పు చేసినందుకు సినిమా చెత్తది కాదు, తప్పు ఎవడైనా చేస్తాడు. బిల్డింగు పడినాక ఈ సినిమా ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడదు. అటు తర్వాత పార్టీ ఉంది, పాట ఉంది, వాడి కోటుకు అంటిన దుమ్మును ఒక పిల్ల దులిపే సీనుంది. ఆ దుమ్ము ఎవరిదో సినిమాకు పట్టదు. "అందుకే ఇది చెత్త," అన్నాడు. "నేను దీన్ని మంచి సినిమా చేసినా. అది ఇంకా చెత్త పని."

ఇంక చాలు, సీడీ తీసేయమన్నాడు వెంకటరాయప్ప. ఆయన ముఖంలో బోండాల దిగులు లేదు, ఏం చేయాలో తెలియని దిగులుంది. పాటల సీడీ ఏదైనా వేస్తానన్నాడు.

"తీయొద్దు," అంది పెద్దక్క. "అదే నడవనీ. గొంతు వద్దు. తిరుపాలూ, ఆ లోపలోళ్ల సంగతి చెప్పు."

"సినిమాలో లేదక్కా. ఒక్క క్షణం చూపించి వదిలేసినారు."

"లేదని నాకూ తెలుస్తాండాది. నువ్వు చెప్పు."

తిరుపాలు మీట నొక్కాడు. బిల్డింగు సద్దు లేకుండా కూలింది. అతను తొందరపడలేదు. మూడో అంతస్తులో పసుపుపచ్చ టోపీ వాడు కంబి కట్టేవాడని చెప్పాడు. పొద్దుటి నుంచి వంగి ఉన్నందుకు నడుము పట్టేసి, ఒక్క నిమిషం లేచి నిలబడి, కిందనున్న చెల్లెలికి నీళ్లు పంపమని కేక వేశాడు. ఆ చెల్లెలు ఇసుక దగ్గర ఉంది. కడవ ఎత్తుకున్నది. ఇంకా మెట్ల మీద కాలు పెట్టలేదు. ఆ పక్కన పోట్లు నిలబెట్టేవాళ్లు ఇద్దరు, మేస్త్రీ చెప్పిన దానికన్నా ఒకటి ఎక్కువ పెట్టాలని అప్పుడే అనుకుంటున్నారు. పోటు ఎట్లా జారుతుందో, జారేముందు కట్టె ఎట్లా కిర్రుమంటుందో, ఆ శబ్దం విన్నవాడికి పరుగెత్తే టైము ఎందుకుండదో చెప్పాడు. అక్కడ కూర్చున్నవాళ్లలో ఆ శబ్దం వినని చెవి లేదు.

తెర మీద సినిమా ముందుకు పోయింది. దీపాలు, గ్లాసులు, పొడుగు గౌనులు వచ్చాయి. వెండివాడు నోరు కదిలిస్తూ చేతులు ఊపుతున్నాడు. తిరుపాలు అటు చూడలేదు. ఇంకా ఆ దుమ్ములోనే ఉన్నాడు. చెల్లెలు కడవ కింద పెట్టి చేతులతో కాంక్రీటు ముద్దలు తీస్తున్నది. చుట్టూ వచ్చినవాళ్లు ఎవరెవరో చెప్పాడు, ఎవరు ఏది పట్టుకుని తవ్వారో చెప్పాడు. ముందుకు వచ్చిన రమేశ్ ఎక్కడివాడు అక్కడే, నేల మీద చతికిలబడ్డాడు. వెంకటరాయప్ప చేతిలో గరిటెలోంచి నూనె కారుతున్నది.

తెర మీద ఆ పిల్ల కోటు దులిపింది. ఎవరూ నవ్వలేదు. అసలు ఎవరూ చూసినట్టే లేదు.

"ఆ కంబి కట్టేటాయప్ప," అని అడిగాడు రమేశ్. "బతికినాడా?"

బతికాడనడం ఎంత తేలికో తిరుపాలుకు తెలుసు. మాట నాలుక చివరికి వచ్చి కూర్చుంది కూడా. పెద్దక్క అతన్నే చూస్తున్నది.

"లేదు," అన్నాడు.

ఆమె తల ఊపింది. కొంగు భుజం చుట్టూ బిగించుకుని, ముందుకు జరిగి కూర్చుంది.

"చెప్పు," అంది. "ఆ చెల్లెలు ఏం చేసింది?"

తిరుపాలు ఒక్కసారి గాలి పీల్చుకుని, మళ్లీ అందుకున్నాడు.